హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేయండి, కానీ ముందు మా అమ్మకు కాదనకుండా ఇవ్వండి

హైదరాబాద్, నానక్‌రామ్‌గూడలోని ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఛైర్మన్ గారికి, సభ్యులకు,

నమస్కారం.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. జీతం నెలకు 27 వేలు. ఇంట్లో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. దేశంలోని బీమా కంపెనీలన్నిటినీ అదుపులో పెట్టే ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉందని చాలామందికి తెలియదు, రెండేళ్ల కిందటిదాకా నాకూ తెలియదు. తెలిసినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను, ఇవాళ రాస్తున్నాను.

2047 నాటికి అందరికీ బీమా అని మీరు లక్ష్యం పెట్టుకున్నారు. అది నెరవేరాలంటే బండి ఇన్సూరెన్స్ లాగే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి చేయాలని కొందరు అంటున్నారు. ఆ మాట ఎత్తగానే మా మిల్లులో అందరూ "ఇంకో వసూలు మొదలు" అన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ నేను వాళ్లతో ఏకీభవించను. తప్పనిసరి చేయాలనే నా అభిప్రాయం. చట్టం చేయాల్సింది పార్లమెంటు అని తెలుసు, కానీ అది ఎలా ఉండాలో అడగాల్సి వస్తే ప్రభుత్వం ముందు అడిగేది మిమ్మల్నే కాబట్టి మీకే రాస్తున్నాను. కొనడం మాకు ఏ రోజు తప్పనిసరి చేస్తారో, అమ్మడం కంపెనీలకు కూడా అదే రోజు తప్పనిసరి చేయాలి. మా మీద ముందు, వాళ్ల మీద తర్వాత అంటే నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

మా అమ్మకు 61 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. 2021లో గుండెలో ఒక స్టెంట్ వేశారు. అప్పుడు మాకు ఏ ఇన్సూరెన్సూ లేదు. తెల్ల కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో అయ్యేది, పట్టణాల్లో ఏడాదికి రెండు లక్షల ఆదాయం దాటితే తెల్ల కార్డు రాదు, నాది ఆ గీత దాటింది. చిట్టీ ఎత్తి, నా భార్య గాజులు బ్యాంకులో పెట్టి లక్షా తొంభై వేలు కట్టాం. తర్వాత ఎమ్మెల్యే గారి ఉత్తరంతో సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెట్టుకుంటే నలభై వేలు వచ్చాయి, ఆ సాయం నేను మరచిపోను. కానీ గుండె జబ్బు వచ్చిన మనిషికి వైద్యం ఒక సంతకం మీద ఆధారపడకూడదని ఆ ఆఫీసు ముందు వరుసలో కూర్చున్న రోజే అనిపించింది. నా పక్కన కోదాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, కొడుకు డయాలసిస్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. ఆయనది అప్పటికి నాలుగో రావడం.

ఆ తర్వాత అమ్మకు పాలసీ కోసం తిరిగాను. మొదటి కంపెనీ స్టెంట్ అని చూడగానే రెండు రోజుల్లో వద్దని మెసేజ్ పెట్టింది. రెండో కంపెనీ మెడికల్ టెస్టులు చేయించి, పదిహేను రోజులు ఆగి, అదే మాట చెప్పింది. అప్పుడు మా ఏజెంట్ (మంచివాడే, మా వీధివాడే) మెల్లగా ఒక సలహా ఇచ్చాడు. "అన్నా, స్టెంట్ సంగతి రాయకు. షుగర్ ఒక్కటి రాయి, అది కూడా రెండేళ్ల నుంచే అని రాయి. అందరూ అంతే చేస్తారు." నేను రాత్రంతా ఆలోచించాను. దాచితే రేపు క్లెయిమ్ పెట్టినప్పుడు పాత కేస్ షీట్ బయటికి తీస్తారు, దాచారు కాబట్టి ఇవ్వం అంటారు. దాచకపోతే అసలు పాలసీయే ఇవ్వరు. నిజం చెప్పిన వాడికి తలుపు మూసి, అబద్ధం చెప్పిన వాడి దగ్గర ప్రీమియం తీసుకుని తర్వాత పట్టుకునే పద్ధతి ఇది. అన్ని జబ్బుల వాళ్లకూ, అన్ని వయసుల వాళ్లకూ సరిపోయే పాలసీలు కంపెనీల దగ్గర ఉండాలని మీరే 2024లో రూల్ పెట్టారు, 65 ఏళ్ల వయసు గీత కూడా తీసేశారు. చాలా మంచి పని. కానీ పాలసీ ఉండటం వేరు, ఎదురుగా నిలబడిన మనిషికి ఇవ్వడం వేరు. ఇవ్వాలా వద్దా అన్నది ఇప్పటికీ కంపెనీ ఇష్టమే.

చివరికి 2024 నవంబరులో మూడో కంపెనీ ఇచ్చింది. మూడు లక్షలకు ఏడాదికి 21 వేలు. ఏ క్లెయిమ్ వచ్చినా ఇరవై శాతం మేమే పెట్టుకోవాలి. గుండెకూ షుగర్‌కూ సంబంధించిన ఏ ఖర్చూ మూడేళ్ల దాకా ఇవ్వరు. అంటే అమ్మకు ఏ జబ్బులు వస్తాయని భయపడి పాలసీ తీసుకున్నానో ఆ జబ్బులు తప్ప మిగతావి ఇస్తారు. ఈ మూడేళ్ల గడువు (వెయిటింగ్ పీరియడ్) కూడా మీరు తగ్గించాకే మూడేళ్లు, అంతకుముందు నాలుగేళ్లు ఉండేదట.

ఇప్పుడు నా బండి సంగతి చూడండి. నాది 2009లో కొన్న బండి, పదిహేనేళ్లు దాటాక ఆర్‌సీ రెన్యూవల్ చేయించాను. సైలెన్సర్ రెండుసార్లు మార్చాను. దానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే రేటు, జీఎస్టీ కాక 714 రూపాయలు. ఎవరూ కాదనరు, కాదనడానికి మీరు ఒప్పుకోరు. రేటు కంపెనీ ఇష్టం కాదు, ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. ప్రతి కంపెనీ ఏటా ఇంత థర్డ్ పార్టీ వ్యాపారం చేయాల్సిందేనని చట్టంలోనే ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే నాకు రెండు వేల జరిమానా. నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే నిర్బంధం రెండు వైపులా ఉంది. కొనకపోతే నాది తప్పు, అమ్మకపోతే వాళ్లది తప్పు. పదిహేడేళ్ల పాత బండికి దేశం ఇంత న్యాయం చేయగలిగినప్పుడు మా అమ్మకు ఎందుకు చేయలేదు? తప్పనిసరి అనే మాటను బండి ఇన్సూరెన్స్ నుంచి తెచ్చుకుంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆ మాటతో పాటు ఈ షరతులన్నీ కూడా తెచ్చుకోండి.

కంపెనీల వైపు న్యాయం కూడా నాకు తెలుసు. లెక్కలు రాసేవాణ్ని కదా. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎవరూ కొనరు, జబ్బు వచ్చాక అందరూ పరుగెత్తుకొస్తారు. అలా వచ్చినవాళ్లందరికీ అదే ధరకు ఇస్తే కంపెనీ మునిగిపోతుంది, లేదా ప్రీమియం ఆకాశానికి పోతుంది, అప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాడు ఇంకా కొనడు. వెయిటింగ్ పీరియడ్లు, టెస్టులు, తిరస్కరణలు అన్నీ ఈ భయంలోంచి పుట్టాయి. ఒప్పుకుంటాను. కానీ తప్పనిసరి చేయడమంటేనే ఆ భయం తీసేయడం. పాతికేళ్ల కుర్రాడూ, నలభై ఏళ్ల నేనూ, అరవై ఏళ్ల అమ్మా అందరం మొదటి రోజు నుంచే కడుతుంటే జబ్బు దాచి వచ్చేవాడు ఇక ఎక్కడ ఉంటాడు? భయానికి కారణం పోయాక ఆ భయం పేరు చెప్పి పెట్టిన వెయిటింగ్ పీరియడ్ ఎందుకు ఉండాలి? నేను భయపడేది దీనికే. రేపు చట్టం వస్తుంది, కోట్ల మంది కొత్త కస్టమర్లు కష్టపడకుండా కంపెనీల గుమ్మం ముందుకు వస్తారు, మూడేళ్ల వెయిటింగూ, తిరస్కరించే హక్కూ మాత్రం అలాగే ఉంటాయి. అప్పుడది మా దగ్గర వసూలు చేసి వాళ్ల చేతిలో పెట్టినట్టు అవుతుంది, మా మిల్లులో వాళ్లు అన్నమాటే నిజమవుతుంది.

అమెరికాలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి మన ఇళ్లలో కొంత తెలుసు. అక్కడ 2010లో చట్టం చేసి 2014 నుంచి అమలు చేసినప్పుడు మూడు పనులు కలిపి చేశారు. పాత జబ్బు ఉందని ఎవరికీ పాలసీ కాదనకూడదు, ఎక్కువ రేటు వేయకూడదు. బీమా లేనివాళ్లు జరిమానా కట్టాలి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ల ప్రీమియంలో ప్రభుత్వం కొంత పెట్టుకోవాలి. తర్వాత జరిమానా కాలు విరిచేశారు, 2019 నుంచి అది సున్నా. అయినా పాత జబ్బు పేరుతో కాదనకూడదన్న రూల్ నిలబడింది, ఎందుకంటే జనం దాన్ని తమ హక్కు అనుకున్నారు. అక్కడి వైద్యం ఖర్చులు చూసి అమెరికా దారిలో పోదామని నేను అనడం లేదు. ఆ చట్టంలోని ఇంకో ముక్క మాత్రం మీరు తీసుకోవాలి. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ అమ్మే పాలసీల మీద వసూలైన ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద సంస్థల పాలసీల మీద 85 శాతం వైద్యానికే ఖర్చు పెట్టాలి, పెట్టకపోతే మిగిలింది జనానికి వెనక్కి ఇవ్వాలి. మన దగ్గర 2023–24లో ఒక్క హెల్త్ ఇన్సూరెన్సే చేసే ప్రైవేటు కంపెనీలు వందకు 65 రూపాయల లోపే క్లెయిములకు ఇచ్చాయి, ప్రభుత్వ రంగ కంపెనీలు వందకు వంద పైనే ఇచ్చాయి. ఒకటి మరీ తక్కువ, ఇంకొకటి నష్టం. కొనడం తప్పనిసరి చేసిన సరుకులో వందకు ముప్పై అయిదు పక్కకు పోవడం ఎవరూ ఒప్పుకోరు.

ఇక నా భార్య ఆపరేషన్ సంగతి. ఇది కొంచెం పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే హెల్త్ ఇన్సూరెన్స్ ఉండి కూడా జనం ఎందుకు నమ్మరో ఈ ఒక్క బిల్లులో ఉంది.

2022లోనే నేను, నా భార్య, పిల్లలు కలిపి మూడు లక్షల పాలసీ తీసుకున్నాం. 2024లో ఆమెకు గాల్ బ్లాడర్‌లో రాళ్లు అన్నారు, హైదరాబాద్‌లో చేయించాలన్నారు. ఇలాంటి ఆపరేషన్లకు పాలసీలో పెట్టిన రెండేళ్ల గడువు దాటింది కాబట్టి ధైర్యంగానే ఉన్నాం. ముందు ఫోన్ చేసి ఎంత అవుతుందని అడిగితే ప్యాకేజీ 95 వేలు అన్నారు. వెళ్లాక కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న, "క్యాషా, ఇన్సూరెన్సా?" ఇన్సూరెన్స్ అన్నాను. ఆ ఒక్క మాటతో ప్యాకేజీ మాట మళ్లీ వినపడలేదు. గది అడిగితే ఐదు వేల గదే ఖాళీగా ఉందన్నారు. రెండు రోజులే కదా అని ఒప్పుకున్నాను. మా పాలసీలో గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే మూడు వేలు అని ఉంది. నాకు తెలుసు. తేడా రోజుకు రెండు వేలు, రెండు రోజులకు నాలుగు వేలు, అది నేను పెట్టుకుంటాను అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

డిశ్చార్జ్ రోజు బిల్లు లక్షా అరవై రెండు వేలు. గది పది వేలు, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ అన్నీ కలిపి 80 వేలు, మందులు, పరీక్షలు 58 వేలు, మిగిలిన 14 వేలు గ్లోవ్స్, మాస్కులు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు లాంటివి. ఈ ఆఖరివి పాలసీలో రావు, సరే. కానీ గది ఐదు వేలది తీసుకున్నాను కాబట్టి, నాకు అర్హత మూడు వేలే కాబట్టి, సర్జన్ ఫీజూ థియేటర్ ఖర్చూ అన్నీ కూడా ఐదింట మూడొంతులే ఇస్తామన్నారు. 80 వేలకు 48 వేలు. గది తేడా నాలుగు వేలు, దాని వెనక పోయింది ఇంకో 32 వేలు. మొత్తం మా చేతి నుంచి 50 వేలు. పెద్ద గదిలో ఉన్నవాళ్లకు అదే ఆపరేషన్‌కు ఎక్కువ ఫీజు వేస్తారు కాబట్టి ఇలా కోస్తామని కంపెనీ వాళ్లు చెప్పారు. గదిని బట్టి సర్జన్ చెయ్యి మారుతుందా? పొట్టలో రాళ్లు అవే, కత్తి అదే, థియేటర్ అదే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ ఖర్చుల్లో ఇలా కోయకూడదని మీరు 2020లోనే చెప్పారు, అందుకే మా 58 వేలు బతికాయి. మిగతా సగం ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. తప్పనిసరి పాలసీలో ఈ కోత అసలు ఉండకూడదు. గది తేడా ఉంటే గది తేడా ఒక్కటే తీసుకోవాలి.

లెక్క వేసుకుంటే ఇంకా బాధ వేసింది. క్యాష్ అని చెప్పి ఉంటే 95 వేలు. ఇన్సూరెన్స్ ఉండటం వల్ల కంపెనీ లక్షా పన్నెండు వేలు పెట్టింది, నేను 50 వేలు పెట్టాను, పైగా అప్పటిదాకా ప్రీమియాలు కట్టాను. ఆ కంపెనీ పెట్టిన సొమ్ము కూడా నాలాంటి వాళ్లు కట్టిందే కదా. ఆసుపత్రికి ఎక్కువ పోతే వచ్చే ఏడాది ప్రీమియం రూపంలో మళ్లీ మా దగ్గరికే వస్తుంది. దేశంలో బీమా కంపెనీలకు మీరు ఉన్నారు. ఆసుపత్రుల రేట్లకు అలాంటి వాళ్లు ఎవరూ లేరు. అది రాష్ట్రాల పరిధి అంటారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రైవేటు ఆసుపత్రుల చికిత్సలకు ప్రామాణిక రేట్లు నిర్ణయించమని కేంద్రానికి గట్టిగా చెప్పింది. రేట్లకు పగ్గం లేకుండా బీమాను తప్పనిసరి చేయడమంటే చిల్లు కుండను నింపడమే. ఇది మీ చేతిలో పూర్తిగా లేదని తెలుసు. కానీ తప్పనిసరి పాలసీ కింద చేసే చికిత్సలకు ఆసుపత్రి ఏ రేటు తీసుకోవాలో ముందే నిర్ణయించి, క్యాషా ఇన్సూరెన్సా అన్న ప్రశ్న కౌంటర్ దగ్గర అడగకుండా చేయండని కేంద్రానికీ రాష్ట్రాలకూ గట్టిగా చెప్పగలిగింది మీరే.

ఆ డిశ్చార్జ్ రోజు ఉదయం పదకొండుకు డాక్టరు వెళ్లిపోవచ్చన్నారు. రాత్రి ఎనిమిదికి ఫైనల్ అప్రూవల్ వచ్చింది. టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్లు) డెస్క్ దగ్గర అమ్మాయి పాపం "క్వెరీ పడింది సార్, రిప్లై పెట్టాం సార్" అని చెప్తూనే ఉంది. మా చిన్నోడు కుర్చీలో నిద్రపోయాడు. డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలనీ, ఆలస్యం వల్ల ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీయే భరించాలనీ మీరు 2024 మేలోనే ఆదేశం ఇచ్చారని నాకు తర్వాత తెలిసింది. మీ రూల్స్ మంచివి, నిజంగా చెప్తున్నాను. కానీ ఆ రోజు ఆ హాల్లో ఉన్న ముప్పై మందిలో ఒక్కరికీ అవి తెలియవు. ఆ మూడు గంటల రూల్ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ప్రతి ఇన్సూరెన్స్ డెస్క్ మీద బోర్డు పెట్టించండి. గడువు దాటితే కంపెనీ డబ్బు జమ చేయాలి, మేము ఫిర్యాదు చేయకుండానే. లక్డీకాపూల్‌లో బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నారని, రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ ఆయనే చూస్తారని, 50 లక్షల దాకా ఫీజు లేకుండా వింటారని కూడా ఆ బోర్డు మీదే రాయించండి. మీ 2023–24 నివేదికలోనే ఉంది, కంపెనీలు ఒప్పుకోకుండా పక్కన పెట్టిన క్లెయిముల సొమ్ము దాదాపు 15,100 కోట్లు, అడిగిన దాంట్లో దాదాపు 13 శాతం. అందులో న్యాయంగా పక్కన పెట్టినవీ ఉంటాయి. కానీ అది ఎన్ని ఇళ్లలో ఎన్ని అప్పులో నేను ఊహించగలను.

ఇప్పుడు డబ్బు సంగతి. తప్పనిసరి అంటే కట్టగలగాలి కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అది నిజంగా సంతోషం. అంతకుముందు మా పాలసీకి 13,900, పైన జీఎస్టీ, మొత్తం 16,400 కట్టేవాణ్ని. ఈసారి రెన్యూవల్‌కు జీఎస్టీ లేదు, కానీ అసలు ప్రీమియమే 15,700 చేశారు. నాకు మిగిలింది 700. అమ్మ పాలసీతో కలిపి ఏడాదికి 36,700, అంటే నెల జీతం పోగా ఇంకో తొమ్మిది వేల ఏడు వందలు. నేనంటే ఎలాగో కడుతున్నాను. మా మిల్లు ఎదురుగా బట్టల షాపులో పనిచేసే అమ్మాయికి నెలకు పన్నెండు వేలు. ఆమెకు కూడా ఇదే ప్రీమియం తప్పనిసరి చేస్తే ఏం అమ్ముకుని కడుతుంది?

దానికి దారి మన దగ్గరే ఉందని నా నమ్మకం. ఈఎస్ఐ ఉంది, 1948 చట్టంతో వచ్చింది. అది నిర్బంధ ఆరోగ్య బీమా కాక మరేమిటి? జీతంలో 0.75 శాతం మనం, 3.25 శాతం యజమాని. పాత జబ్బు ఉందా అని ఎవరూ అడగరు. తల్లిదండ్రులు మన మీద ఆధారపడి ఉంటే వాళ్లకూ వర్తిస్తుంది. నాకూ ఉండేది. 2019లో జీతం 20,500 నుంచి 21,500 అయింది, కొన్ని నెలలకు కార్డు చెల్లకుండా పోయింది, ఎందుకంటే గీత 21 వేల దగ్గర ఉంది. వెయ్యి రూపాయలు పెరిగి ఇంటిల్లిపాదికీ వైద్యం పోయింది. రెండేళ్లకే అమ్మకు స్టెంట్. ఆ వెయ్యి వద్దని మా సేటుతో ఆ రోజు చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ గీత 2017 జనవరిలో పెట్టింది. జీతం ఉన్నవాళ్లను తప్పనిసరి బీమాలోకి తేవాలంటే ముందు ఆ గీత తీసేయండని కార్మిక శాఖకు చెప్పండి, మమ్మల్ని కొత్తగా కంపెనీల దగ్గరికి తోలే అవసరమే ఉండదు. ఈఎస్ఐ ఆసుపత్రుల్లో మందులు దొరకవు, డాక్టర్లు చాలరు అనే మాట నిజమే. నాలాంటి లక్షల మంది జీతాల్లోంచి వాటా వస్తే వాటిని బాగు చేయడానికి డబ్బూ ఉంటుంది, అడిగే నోళ్లూ ఉంటాయి.

జీతం లేనివాళ్లు, అంటే చిన్న షాపుల వాళ్లు, ఆటోవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, కౌలు రైతులు, వీళ్లకు ఆరోగ్యశ్రీ తలుపు తెరవాలి. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం అది. తెలంగాణలో ఇప్పుడు పది లక్షల దాకా, ఆంధ్రలో పాతిక లక్షల దాకా ఇస్తున్నారు. మా దగ్గర తెల్ల కార్డు ఉంటే ఉచితం, లేకపోతే సున్నా. మధ్యలో మెట్టు ఎందుకు లేదు? ఆదాయాన్ని బట్టి ఏడాదికి ఇంత అని కట్టించుకుని మమ్మల్ని కూడా చేర్చుకోండి, నేను మొదటి రోజే వరుసలో నిలబడతాను. దేశంలో ఇలా ఏ గీతలోనూ పడకుండా మధ్యలో మిగిలినవాళ్లు దాదాపు 40 కోట్ల మంది అని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. 2025 సెప్టెంబరులో ఆంధ్ర కేబినెట్ అన్ని కుటుంబాలకూ వర్తించే పథకానికి ఒప్పుకుంది, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన ప్రభుత్వ ట్రస్టు చూసేలా. అది ఎలా నడుస్తుందో మీరు దగ్గరగా చూడండి. ప్రభుత్వం నుంచి బిల్లులు రాలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఈ పథకాల నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి, ఆ బాధ కూడా పడ్డాం. తప్పనిసరిగా కట్టేది మేమైతే, తప్పనిసరిగా గడువులోగా చెల్లించాల్సింది ప్రభుత్వమని కూడా చట్టంలోనే రాయాలి.

మా బావమరిది ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఈ ఉత్తరం చదివి "ఇదంతా ఎందుకు బావా, ప్రభుత్వాసుపత్రులు బాగు చేస్తే ఇన్సూరెన్సే అక్కర్లేదు కదా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. జ్వరానికీ కాన్పుకూ మా ఊరి ఏరియా ఆసుపత్రి బాగుంటే సగం బాధ పోతుంది. మా పాలసీలు ఆసుపత్రిలో మంచం ఎక్కితేనే పనిచేస్తాయి, అమ్మకు నెలనెలా షుగర్ మాత్రలకూ పరీక్షలకూ పోయే రెండు వేలు వాటిలో రాదు. ఆసుపత్రుల మీద పెట్టాల్సిన డబ్బు బీమాకు మళ్లించమని నేను అడగడం లేదు. కానీ గుండె ఆగితే రేపటికి నేను హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి మెట్లెక్కక తప్పదు, ఆ మెట్ల దగ్గర నా చేతిలో ఏం ఉండాలన్నదే ఈ ఉత్తరం.

డెబ్భై దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు, 2024 అక్టోబరు నుంచి. అమ్మకు ఇంకా తొమ్మిదేళ్లు. ఆమె పాలసీలో గుండె జబ్బుకు వెయిటింగ్ 2027 నవంబరులో తీరుతుంది. మొన్న రాత్రి ఛాతీలో మంట అంది. గ్యాస్ అయి ఉంటుందని తనే అంది, ఈసీజీకి వెళ్దామంటే వద్దంది, "ఇప్పుడు కాదు లేరా, ఇంకా రెండేళ్లు ఉందిగా" అంది. ఎత్తుకుని తీసుకెళ్లినంత పని చేశాను. ఈసీజీ బాగానే ఉంది. కానీ ఒక తల్లి తన గుండె నొప్పిని పాలసీ తేదీ చూసుకుని ఆపుకోవాలనుకుంది. ఆ రూల్ మీ ఆఫీసులో ఉంది. ఏ చట్టం కోసమూ ఆగకుండా మీరు మార్చగలిగింది అదొక్కటీ ఉంది, దాంతో మొదలుపెట్టండి.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక పాలసీదారుడు